తెగిందా, కమిలిందా: మెక్సికో మూలికలు నేను వాడే పద్ధతి

మా అబ్బాయి సైకిల్ మీంచి పడిన రోజు, గ్వాదలహారాలో మా ఎదురింటి దోన్యా దగ్గరకు పరిగెత్తాను. పెద్దావిడలను ఇక్కడ గౌరవంగా దోన్యా అంటారు. ఆవిడ స్టవ్ పక్కన ఎప్పుడూ ఉండే ఆర్నికా లేపనం సీసా అడిగితే వెంటనే ఇవ్వలేదు. "మీహా, తెగిందా, కమిలిందా? ముందు అది చూడు" అన్నారు. మీహా అంటే మనం "అమ్మాయ్" అన్నట్టే. మోకాలు చీరుకుపోయింది, మోచెయ్యి కమిలింది. రెండింటికీ వేరే వేరే మూలికలు.

కమిలిన చోటికి ఆర్నికా. ఇది చామంతి కుటుంబంలోని పసుప్పచ్చ పువ్వు. యూరప్ ఆర్నికా వేరే మొక్క, పేరు ఒకటే. నేను కొరోనా మార్కెట్‌లో మూలికలమ్మే దుకాణంలో ఎండు పువ్వు కొంటాను. చేత్తో నలిపితే గలగలలాడాలి. తడి ఉంటే లేపనం బూజు పడుతుంది.

రెండు గుప్పిళ్ళ పువ్వు గాజు గిన్నెలో వేసి, పావు లీటరు ఆలివ్ నూనె పోయండి. మరుగుతున్న నీళ్ళ గిన్నె మీద దాన్ని కూర్చోబెట్టి, సన్నని సెగ మీద రెండు గంటలు ఉంచండి. నూనెలో నీటి చుక్క పడకూడదు, వేపుడు వాసన రాకూడదు.

అసలు జాగ్రత్త వడకట్టడంలో ఉంది. ఈ పువ్వు ఎండాక రేకులకంటే నూగే ఎక్కువ, దూదిలా పొంగుతుంది. మొదటిసారి నేను టీ వడపోతతో కానిచ్చేశాను. లేపనం రాస్తే నూగు గుచ్చుకుని చెయ్యంతా దురద. ఇప్పుడు పాత నూలు చీర ముక్కను నాలుగు మడతలు వేసి, పిండకుండా, దానంతట అదే దిగేదాకా వదిలేస్తాను. తరవాత 30 గ్రాముల తేనెమైనం కలిపి కరిగించాలి. ఒక చెంచాడు ఫ్రిజ్‌లో పెట్టి చూడండి: మరీ గట్టిపడితే కాస్త నూనె, జారితే కాస్త మైనం.

బెణికినా, కమిలినా రోజుకు రెండుసార్లు పలచగా రాయండి. తెగిన చోట వద్దు. చామంతి, బంతి పడనివాళ్ళు ముందు మణికట్టు లోపల కొంచెం రాసి ఒకరోజు ఆగండి.

చీరుకున్న చర్మానికి క్వాచలలాతే అనే చెట్టు బెరడు. బొడిపెలు బొడిపెలుగా ఉంటుంది. ముందు గాయాన్ని సబ్బు నీళ్ళతో శుభ్రంగా కడగాలి. రెండు వేళ్ళంత బెరడు ముక్కను లీటరు నీళ్ళలో 15 నిమిషాలు మరిగిస్తే నీళ్ళు ఎర్రగా దిగుతాయి. చల్లార్చి వడకట్టి, ఆ కషాయంతో కడిగి ఆరనివ్వాలి. మిగిలింది మర్నాటికి దాచొద్దు. దయచేసి బెరడు కొంచెమే కొనండి. కాండం చుట్టూ ఒలిచేస్తే చెట్టు చచ్చిపోతుంది.

కాలితే? చియాపాస్ ప్రాంతపు తేపెస్కోవితే అనే చెట్టు బెరడు పొడి పేరే అందరూ చెబుతారు. 1984లో మెక్సికో నగరం పక్కన సాన్ హువానికోలో గ్యాస్ ట్యాంకులు పేలినప్పుడు కాలినవాళ్ళకు వాడాక అది బాగా ప్రచారంలోకి వచ్చింది. నేను మాత్రం ఇంట్లో పొడి చల్లను. 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెడతాను. చర్మం ఎర్రబడి ఊరుకుంటే సాబిలా, అంటే మన కలబందే. కోసిన మట్టను గ్లాసులో నిలబెట్టి, పసుపు జిగురు కారిపోయాక కడిగి, లోపలి గుజ్జు మాత్రమే రాయాలి. ఆ జిగురు తగిలితే మంట పుడుతుంది. బొబ్బలెక్కితే డాక్టర్ దగ్గరికే.

ఆ సాయంత్రం మావాడి మోకాలు క్వాచలలాతే నీళ్ళతో కడిగాం. దోన్యా సీసా మోచేతికే వాడాం. మర్నాడు పొద్దున్నే క్లినిక్‌కి తీసుకెళ్ళి టెటనస్ ఇంజెక్షన్ కూడా చేయించాను. నన్ను టైమ్‌కి లేపి పంపింది దోన్యానే.