ఎండిపోయి గట్టిపడ్డ బండి రబ్బరుని మళ్లీ మెత్తబరచడం ఎలా

పాత బండి బయటికి తీసి, ట్యాంకు కడిగి, కొత్త ప్లగ్ వేసి కిక్ కొడితే స్టార్ట్ అయింది గానీ స్లోలో నిలబడటం లేదా? యాక్సిలేటర్ వదిలేసినా రేస్ దిగట్లేదా? కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) జెట్లు, అంటే అందులో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల ముక్కలు, మార్చేముందు, కార్బొరేటర్‌ని ఇంజిన్‌కి కలిపే నల్ల రబ్బరు జాయింట్‌ని బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కి చూడండి. మంచి రబ్బరైతే గోటి గాటు పడి కాసేపట్లో మాయమవుతుంది. మా నాన్నగారి 1992 యమహా ఆర్‌ఎక్స్ 100 బండి మీద ఆ ముక్క విప్పి బల్లకేసి తడితే, కొబ్బరి చిప్పతో కొట్టినట్టు టక్కుమని మోగింది. చుట్టూ వేసే క్లాంప్ పట్టీ ఎంత బిగించినా అది కార్బొరేటర్‌ని పట్టుకోదు, సందులోంచి గాలి లాగేస్తుంది. టూ స్ట్రోక్ బండికి ఇది చిన్న విషయం కాదు: గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో కదలకుండా పట్టేస్తుంది.

రబ్బరు గట్టిపడటానికి కారణం వయసొక్కటే కాదు. తయారుచేసేటప్పుడు అందులో కలిపిన మెత్తబరిచే నూనెలు ఏళ్ల తరబడి వేడికి ఆవిరైపోతాయి, పెట్రోలు తగిలి కరిగిపోతాయి. మరోపక్క లోపలి గంధకపు బంధాలు ఇంకా ఇంకా బిగుసుకుంటాయి. మొదటిదాన్ని మనం కొంతవరకు సరిచేయగలం, రెండోదాన్ని చేయలేం. గాలిలోని ఓజోన్ వల్ల వచ్చిన పగుళ్లూ అంతే, అవి మూసుకోవు. ముక్కని మెల్లగా వంచి చూస్తే లోతైన చీలిక కనిపించిందంటే ఇక దాని మీద టైం పెట్టకండి, కొత్తది వెతుక్కోండి.

కావలసినవి రెండే. ఒకటి వింటర్‌గ్రీన్ ఆయిల్, మన ఆయుర్వేదం కొట్లలో గంధపుర తైలం అంటారు. సీసా మూత తీయగానే అయోడెక్స్ వాసన గుప్పున కొడుతుంది, అదే గుర్తు. కలగలుపు నొప్పుల తైలాలు వద్దు, వాటిలో ఇంకేవేవో నూనెలుంటాయి, అచ్చమైనదే అడగండి. రెండోది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మొబైల్ రిపేర్ సామాను అమ్మే షాపులో ఐపీఏ అంటే ఇస్తారు. తైలం ఒక వంతు, ఐపీఏ మూడు వంతులు, అంటే 100 మి.లీ.కి 300 మి.లీ. ఐపీఏ పని తైలాన్ని పలచబరిచి రబ్బరు లోపలికి చేర్చడం, తర్వాత అది ఆరిపోతుంది, తైలం మాత్రం లోపల ఉండిపోయి పాత నూనె చేసే పని చేస్తుంది.

జాగ్రత్త గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే వాసన బాగుందని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఈ తైలంలో దాదాపు అంతా మిథైల్ శాలిసిలేట్, అంటే ఆస్పిరిన్ జాతి మందు. ఒక్క టీ స్పూను, 5 మి.లీ. తాగితే 325 మి.గ్రా. ఆస్పిరిన్ మాత్రలు 20కి పైగా మింగినంత, చిన్నపిల్లల ప్రాణం పోవచ్చు. చర్మంలోంచి కూడా ఒంట్లోకి వెళ్తుంది, కాబట్టి నైట్రైల్ గ్లవుజులు తప్పనిసరి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆస్పిరిన్ పడనివాళ్లు ఈ పని వేరేవాళ్లకి అప్పజెప్పండి. ఐపీఏకి నిప్పు ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి వరండాలోనో మేడ మీదో చేయండి, వంటింట్లో వద్దు. త్వరగా అవుతుందని ఈ ద్రావణాన్ని స్టవ్ మీద వేడిచేయడం అస్సలు వద్దు.

జాయింట్ విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి, గట్టిపడ్డ రబ్బరు బిస్కెట్‌లా విరుగుతుంది. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగితే తాత్కాలికంగా వదులై చేత్తోనే వస్తుంది. సబ్బునీళ్లతో పాత బ్రష్ పెట్టి జిడ్డంతా పోయేలా రుద్ది పూర్తిగా ఆరనివ్వండి. విప్పగానే లోపలి వ్యాసం కొలిచి రాసిపెట్టుకోండి, ఇది తర్వాత పనికొస్తుంది.

గాజు సీసాలో ముక్క పూర్తిగా మునిగేలా పోసి మూత బిగించండి. ప్లాస్టిక్ డబ్బా వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లను ఈ తైలం తినేస్తుంది. రోజుకోసారి తీసి గోటి పరీక్ష చేయండి. నాకు మొదటి రోజు ఏ తేడా లేదు, రెండో రోజు అంచులు వంగడం మొదలైంది, మూడో రోజు సాయంత్రానికి రెండు వేళ్లతో నొక్కితే గుండ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారానికి వచ్చి మళ్లీ విచ్చుకుంది. అక్కడ ఆపేశాను. అంతకుముందు ఒక సైడ్ ప్యానెల్ బుష్‌ని వారంపైనే వదిలేస్తే ఉబ్బిపోయి దాని రంధ్రంలో పట్టలేదు. తీశాక కొద్దిగా ఉబ్బి ఉండటం మామూలే, ఎన్ని రోజులు నానిందో కనీసం అన్ని రోజులు నీడలో ఆరబెట్టి, ముందు రాసుకున్న కొలతకి దగ్గరగా వచ్చాకే బిగించండి. కొన్ని జాయింట్లలో రబ్బరుని ఇంజిన్‌కి బిగించే లోహపు పలకకి (ఫ్లాంజ్) అతికించి ఉంటారు, ఆ అతుకు ఊడుతోందేమో కూడా చూసుకోండి.

డీజిల్లోనో ఇంజిన్ ఆయిల్లోనో నానబెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. రబ్బరు మెత్తబడినట్టే ఉంటుంది, కానీ చాలా రకాల రబ్బరు వాటిలో ఉబ్బి బలం పోగొట్టుకుంటుంది. పైపైన కొట్టే సిలికాన్ స్ప్రేలు మెరుపునిస్తాయి, అంతే.

ఇదే పద్ధతి ఎయిర్ ఫిల్టర్ బూట్‌కి, ట్యాంకు కింది రబ్బర్లకి, ప్యానెల్ బుష్‌లకి, ఫుట్‌రెస్ట్ రబ్బర్లకి బాగా పనిచేస్తుంది. బ్రేకు సీళ్లు, బ్రేకు హోసులు, టైర్లు, పెట్రోలు పైపు, ఆయిల్ సీళ్లు మాత్రం ఈ సీసాలో వేయొద్దని బతిమాలుతున్నాను. అవి మెత్తబడితే చాలదు, బలంగా ఉండాలి, ఆ బలం మనం తిరిగి ఇవ్వలేం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అడిగితే పాత బండ్లవి కూడా చాలావరకు కొత్తవి దొరుకుతాయి.

బిగించాక ఇంజిన్ స్లోలో పెట్టి జాయింట్ చుట్టూ సబ్బునీళ్లు కొద్దిగా స్ప్రే చేయండి. శబ్దం మారిందంటే ఇంకా గాలి లాగుతోందన్నమాట, అప్పుడు కొత్త జాయింటే మందు. మారకపోతే కార్బొరేటర్ మీది స్లో స్క్రూ, ఎయిర్ స్క్రూ మళ్లీ సెట్ చేసుకుని, పది కిలోమీటర్లు నడిపి ప్లగ్ విప్పి చూడండి, ఇటుక రంగులో ఉండాలి, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే బండి ఆపేయండి. మిగిలిన ద్రావణాన్ని వడగట్టి అదే గాజు సీసాలో పోసి, మీద పెద్ద అక్షరాలతో విషం అని రాసి, పిల్లలకి అందకుండా తాళం ఉన్న అలమరలో పెట్టండి, ఇంకో రెండు మూడు సార్లకి వస్తుంది.