ఇంటి పద్దు – 5వ పాఠం: అడిగింది పిల్లలు, అడిగించింది ఎవరు?

పోయిన పాఠంలో ప్రతి ఖర్చు పక్కన ‘ఎవరు అడిగారు’ అని ఒక గడి గీయమన్నాను. మీరు పంపిన పద్దులు చూశాను. చిప్స్, చాక్లెట్ గుడ్డు, కార్టూన్ బొమ్మలున్న పెన్సిల్ పెట్టె ఎదుట ‘బాబు’, ‘పాప’ అని సరిగానే రాశారు. పాలలో కలిపే పొడి దగ్గరే దాదాపు అందరూ తప్పారు. ఖాతా ‘ఆరోగ్యం’ అట, అడిగింది ‘అమ్మ’ అట. ఈ నెల అనుకున్న పాఠం ఆపి ముందు దీన్ని సరిచేద్దాం.

పొడి కొనేది అమ్మే, కాదనను. కానీ ఆ ప్రకటన ఒకేసారి ఇద్దరితో మాట్లాడుతుంది. హార్లిక్స్ ‘టాలర్, స్ట్రాంగర్, షార్పర్’ నినాదం గుర్తుచేసుకోండి. ఎత్తు పెరగడం పిల్లవాడికి ఆశ, తల్లికి బెంగ. వాడు డబ్బా చూపిస్తాడు, ఆమె కాదనలేదు. అడిగిన గడిలో రాయవలసిన మాట ‘ప్రకటన’.

ఇక ‘ఆరోగ్యం’ సంగతి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అన్న మాటకు నిర్వచనమే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, బోర్న్‌వీటాతో సహా ఇలాంటి పానీయాలను ఆ వర్గం నుంచి తీసేయమని ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. దుకాణమే తీసేయవలసిన పేరును మీ పుస్తకంలో ఎందుకు ఉంచుతారు? ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. బోర్న్‌వీటాలో కలిపే చక్కెరను 2023 డిసెంబరులో వంద గ్రాములకు 37.4 గ్రాముల నుంచి 32.2 గ్రాములకు తగ్గించారు. తగ్గించాక కూడా అరకిలోలో 161 గ్రాములు చక్కెరే. అంటే దాదాపు మూడో వంతు సొమ్ము పోసి, పొడి ధరకు చక్కెర కొంటున్నారు. కిరాణా చీటీలో చక్కెర ధర పక్కన పెట్టి చూడండి. ఆ పైన గ్లాసులో మరో చెంచా చక్కెర వేసే ఇళ్లు ఎన్నో!

పొడి ధరను ‘ఆరోగ్యం’, ‘ప్రకటన’ అని రెండు ఖాతాల్లోకి విడగొట్టవచ్చా అని కొందరు అడిగారు. నేను విడగొట్టను, మొత్తం ‘ప్రకటన’ కిందే వేస్తాను. వైద్యుడు రాసిచ్చిన చీటీ ఉంటేనే ‘ఆరోగ్యం’. పద్దు పెన్సిల్‌తో రాయండి, ఖాతాలు మారుతూనే ఉంటాయి.

పిల్లల ఛానెల్ కట్టేశాం కదా అని ధీమాగా ఉండకండి. 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు చిప్స్, శీతల పానీయాల ప్రకటనలను పిల్లల కార్యక్రమాల్లో, పిల్లల ఛానెళ్లలో నిషేధించాయి. మన ఒడిలో కూర్చుని వాళ్లు చూసే సీరియల్, క్రికెట్ మ్యాచ్ ఆ గీతకు అవతలే ఉన్నాయి.

అభ్యాసం: ఈ వారం రోజూ ఒక గంట పిల్లల పక్కన కూర్చోండి. టీవీ అయినా ఫోను అయినా సరే. ప్రతి ప్రకటనకూ వస్తువు పేరు, అది ఎవరితో మాట్లాడుతోంది, చూపే ఆశ ఏమిటి, రేపే భయం ఏమిటి రాయండి. తరవాత గత మూడు నెలల కిరాణా చీటీలు తీసి, ఆ వస్తువుల్లో ఎన్ని మీ ఇంటికి వచ్చాయో గుర్తు పెట్టి, వారంవారీ మొత్తం వేయండి. చీటీలు పారేసినవారు ఫోనులోని చెల్లింపుల జాబితా చూసి, ఏ రోజు ఏం కొన్నారో ఇంట్లోవాళ్లను అడిగి రాయాలి. పదేళ్లు దాటిన పిల్లలుంటే ‘ఎవరు అడిగారు’ గడి వాళ్లచేతే నింపించండి. ‘నేనే అడిగాను’ అని వాళ్లు పట్టుబడితే దిద్దకుండా అలాగే పంపండి. బడులు తెరిచే జూన్ నెల ఖర్చులు 6వ పాఠంలో చూద్దాం.