స్కూలు రోజుల్లో టిఫిన్ టెన్షన్ లేకుండా: ముందుగానే ఎలా చేసి పెట్టుకోవాలి?

స్కూలున్న రోజు టిఫిన్ ఎక్కడ ఆలస్యమవుతుందో ఒకసారి గమనించండి. పొయ్యి దగ్గర గడిచేది తక్కువే. ఇవాళ ఏం చేయాలో తేల్చుకోవడం, కావాల్సినవి ఉన్నాయో లేవో వెతుక్కోవడం, కోయడం, చివర్లో గిన్నెలు కడుక్కోవడం, అసలు సమయమంతా వీటికే పోతుంది. ఈ పనులన్నీ ముందు రోజు రాత్రో, సెలవు రోజునో ముగించేయొచ్చు. పొద్దున మిగలాల్సిన పనులు మూడే: తీయడం, వేడి చేయడం, పెట్టడం. కత్తి పట్టాల్సిన పని ఒక్కటి ఉన్నా అది ముందుగా చేసుకున్న టిఫిన్ కాదనే అనుకోండి.

1. వారానికి రెండే రకాలు ఎంచుకోండి

రోజుకో రకం పెట్టాలన్న ఉత్సాహం మొదటి వారం దాటదు. చల్లగా తినేది ఒకటి, వేడి చేసి పెట్టేది ఒకటి, వారానికి ఇవి చాలు. సరుకులు తక్కువ పడతాయి, పారేసేదీ తగ్గుతుంది. వచ్చే వారం ఆ రెండిట్లో ఒకటి మార్చుకోవచ్చు.

ఎంపిక పిల్లలకి వదిలేయండి. కానీ "ఏం కావాలి" అని అడక్కండి, "ఇదా, అదా" అని అడగండి. ఎప్పుడూ తినని వంటకాన్ని స్కూలు రోజు పొద్దున మొదటిసారి పెట్టొద్దు. సెలవు రోజు సాయంత్రం ఆకలి మీదున్నప్పుడు రుచి చూపించండి. నచ్చితేనే ఎక్కువ మొత్తంలో చేయండి.

ఇంకో సంగతి. ఉత్త తీపి, పిండి పదార్థాలతో కడుపు నింపితే త్వరగా ఆకలేస్తుంది. ప్రతి టిఫిన్‌లో కాస్త ప్రొటీన్ ఉండేలా చూసుకోండి. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములు, కప్పు పాలలో 8, రెండు పెద్ద చెంచాల పీనట్ బటర్‌లో 7, అరకప్పు ఓట్స్‌లో 5 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. వీటిలో ఏ రెండు కలిసినా పెద్దగా లెక్కలు వేసుకోనక్కర్లేదు.

2. రాత్రి నానబెట్టే ఓట్స్

పొయ్యి వెలిగించాల్సిన పని లేదు కాబట్టి మొదలుపెట్టడానికి ఇదే తేలిక. ఒక్కరికి కావాల్సినవి: అరకప్పు ఓట్స్, అరకప్పు పాలు, పావుకప్పు పెరుగు, చిటికెడు ఉప్పు. తీపి కావాలంటే చెంచా తేనె లేదా గుప్పెడు ఎండుద్రాక్ష. చియా గింజలు ఉంటే ఒక చెంచా వేయండి, లేకపోతే ప్రత్యేకంగా కొనాల్సిన పని లేదు.

ఓట్స్ మాత్రం చూసి కొనాలి. రోల్డ్ ఓట్స్, అంటే చదునుగా నొక్కిన పెద్ద రేకులవి, దీనికి సరిగ్గా సరిపోతాయి. ఇన్‌స్టంట్ ఓట్స్ అయితే తెల్లారేసరికి జావలా అయిపోతాయి. స్టీల్ కట్ ఓట్స్ రాత్రంతా నానినా పంటి కింద గట్టిగానే తగులుతాయి. పచ్చివే తింటే ఏమన్నా అవుతుందా అని కొందరు అడుగుతారు. రోల్డ్ ఓట్స్‌ని తయారీలోనే ఆవిరి పట్టి నొక్కుతారు కాబట్టి నానబెట్టి నేరుగా తినొచ్చు.

మూత గట్టిగా పట్టే సీసాలోనో డబ్బాలోనో అన్నీ వేసి, అడుగున పొడి ఓట్స్ మిగలకుండా చెంచాతో బాగా కలపండి. డబ్బాలో పైన కాస్త ఖాళీ ఉండాలి. కనీసం ఐదారు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున మూత తీసేసరికి గట్టిపడి, చెంచా నిలబెడితే నిలబడేలా ఉంటుంది. రెండు చెంచాల పాలు పోసి కలిపితే మళ్ళీ వదులవుతుంది. చల్లటిది తిననని మొండికేసే పిల్లలకి ఒక నిమిషం వేడి చేసి ఇవ్వండి, రుచేమీ చెడదు. ఆ చిటికెడు ఉప్పు మాత్రం మానొద్దు. అది లేకపోతే ఎంత తేనె వేసినా చప్పగానే ఉంటుంది.

రాత్రే ఏం వేయాలి, పొద్దున ఏం వేయాలి అన్నది తెలుసుకుంటే సగం పని వచ్చేసినట్టే. ఎండుద్రాక్ష, తురిమిన ఆపిల్, దాల్చినచెక్క పొడి రాత్రే వేయొచ్చు, నానితే ఇంకా బాగుంటాయి. అరటిపండు రాత్రే వేస్తే నల్లబడి జిగటగా అవుతుంది, అది పొద్దునే. బాదం, వాల్‌నట్ లాంటి పలుకులు కూడా పొద్దునే వేస్తే కరకరలాడతాయి. అయితే ఐదేళ్ళ లోపు పిల్లలకి పలుకులు అలాగే పెట్టొద్దు, గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. వాళ్ళకి మెత్తగా పొడి చేసి కలపండి. ఏడాది నిండని పాపాయికి కూడా ఇందులోంచే తినిపిద్దామనుకుంటే తేనె అస్సలు వేయకూడదు.

ఒకేసారి మూడు రోజులకి మూడు డబ్బాలు చేసి పెట్టుకోవచ్చు. నాలుగో రోజు దాటితే మరీ మెత్తబడిపోతుంది. ఐదు రోజులకీ ఒకేసారి కలపాలనుకోకండి, వారం మధ్యలో ఒక రాత్రి ఐదు నిమిషాలు కేటాయిస్తే సరిపోతుంది.

3. గుడ్లు రెండు విధాలుగా

ఉడకబెట్టి పెంకుతోనే ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్లు వారం దాకా ఉంటాయి. మరుగుతున్న నీళ్ళలో మెల్లగా దించి 10 నుంచి 12 నిమిషాలు ఉడికించి, వెంటనే చల్లటి నీళ్ళలో వేయండి. ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ రంగు వలయం వస్తుంది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలవడం వల్ల వచ్చేదే అది. హాని లేదు, చూడ్డానికే బాగోదు. పెంకు సరిగా రావడం లేదంటే గుడ్లు మరీ తాజాగా ఉన్నాయేమో చూడండి. కొని కొన్నాళ్ళయిన గుడ్ల పెంకు సులువుగా ఊడుతుంది. ఉడికిన గుడ్డుని మాత్రం మైక్రోవేవ్‌లో వేడి చేయకండి. లోపల ఆవిరి పేరుకుని పేలుతుంది, ఒక్కోసారి బయటికి తీశాక, కొరకబోతుంటే కూడా.

రెండోది గుడ్డు మఫిన్లు, అంటే గుంటల ట్రేలో పోసి ఓవెన్‌లో కాల్చే చిన్న ఆమ్లెట్ల లాంటివి. ఇంట్లో మిగిలిపోయిన కూరగాయ ముక్కలన్నిటికీ ఇక్కడ చోటుంటుంది. పన్నెండు గుంటల మఫిన్ ట్రేకి 8 గుడ్లు, పావుకప్పు పాలు, కప్పున్నర వేయించిన కూరగాయలు, అరకప్పు చీజ్ తురుము, ఉప్పు, మిరియాల పొడి సరిపోతాయి.

కూరగాయల్ని పచ్చివి వేస్తే ఇవి చెడిపోయినట్టే. ఉల్లిపాయ, పుట్టగొడుగులు, పాలకూర అన్నీ నీళ్ళు వదిలేవే. ఆ నీరు మర్నాటికి అడుగున చేరి మఫిన్ స్పాంజిలా చితికిపోతుంది. కాబట్టి వెడల్పాటి పెనంలో, మూత పెట్టకుండా, చుయ్ మనే చప్పుడు తగ్గి పెనం పొడిగా అయ్యేదాకా వేయించండి. పాలకూర అయితే వేగాక గరిటెతో అదిమి నీరు వంచేయండి. తర్వాత చల్లారనివ్వండి.

ట్రే గుంటలకి నూనె ధారాళంగా రాయండి, పక్క గోడలకి కూడా. ముందు కూరగాయలు, చీజ్ సర్ది, గిలక్కొట్టిన గుడ్ల మిశ్రమాన్ని ముప్పావు వంతు దాకా పోయండి. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20 నిమిషాలు ఉంచితే చాలు, మధ్యలో తాకితే గట్టిగా ఉండాలి. ఓవెన్‌లో గోపురంలా పొంగి, బయటికి తీయగానే కుంగిపోతాయి. కంగారు పడకండి, వాటి తీరే అంత.

ఓవెన్ లేదా? ఇదే మిశ్రమాన్ని నూనె రాసిన మందపాటి పెనంలో పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద ఉడికించి, చల్లారాక చదరపు ముక్కలుగా కోసుకోండి. ఆకారం మారుతుంది అంతే. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు ఉంటాయి.

4. ఫ్రీజర్ కోసం: పాన్‌కేక్‌లు, శాండ్‌విచ్‌లు

రెండు కప్పుల పిండిలో ఒక పెద్ద చెంచా బేకింగ్ పౌడర్, ఒక పెద్ద చెంచా పంచదార, అర చిన్న చెంచా ఉప్పు కలపండి. పిండి సగం మైదా, సగం గోధుమపిండి అయినా పర్లేదు. ఇంకో గిన్నెలో రెండు గుడ్లు, కప్పూ ముప్పావు పాలు, మూడు పెద్ద చెంచాల నూనె గిలక్కొట్టి పిండిలో పోయండి. గోధుమపిండి వాడితే ఇంకొంచెం పాలు పట్టొచ్చు. కలపడం మొదలుపెట్టాక చెయ్యి ఆపడమే కష్టం, కానీ ఆపాలి. చిన్న చిన్న ఉండలు మిగిలినా వదిలేయండి. ఎక్కువ కలిపితే పిండిలో ఉండే గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్ బిగుసుకుని పాన్‌కేక్‌లు గట్టిగా వస్తాయి. పైన బుడగలు పగిలి, ఆ చిల్లులు మూసుకుపోకుండా అలాగే ఉన్నప్పుడు తిరగేయాలి. మగ్గిపోయిన అరటిపండు ఉంటే చిదిమి పిండిలో కలిపేయండి, పంచదార అక్కర్లేదు.

వేడిగా ఉండగా ఒకదాని మీద ఒకటి పేర్చితే ఆవిరికి తడిసిపోతాయి. విడివిడిగా పరిచి, పూర్తిగా చల్లారాక, ట్రేలో ఒకదానికొకటి తగలకుండా ఫ్రీజర్‌లో పెట్టండి. గంట రెండు గంటల్లో గట్టిపడతాయి. అప్పుడు ఒకే సంచిలో వేసినా అతుక్కోవు, కావాల్సినన్ని తీసుకోవచ్చు. పొద్దున నేరుగా టోస్టర్‌లోనో పెనం మీదో వేడి చేయడమే.

శాండ్‌విచ్‌కి బ్రెడ్ మధ్య గిలక్కొట్టి వేయించిన గుడ్డు, చీజ్ పెట్టి ఒక్కొక్కటి విడిగా గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. గుడ్డు పూర్తిగా చల్లారాకే బ్రెడ్ మీద పెట్టాలి. టమాటా, దోసకాయ, మయోనీస్ ఫ్రీజర్‌కి పనికిరావు, కరిగేటప్పుడు నీళ్ళు కారతాయి. తినబోయే ముందు రాత్రి ఫ్రిజ్‌లోకి దించితే, పొద్దున పెనం మీద మూత పెట్టి సన్న సెగ మీద రెండు వైపులా కాల్చుకోవచ్చు.

అన్నట్టు, బ్రెడ్ ఎక్కువగా కొంటే ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి బయట ఉన్నదానికంటే త్వరగా పాచిపోయినట్టు గట్టిపడుతుంది. స్లైసులుగా ఫ్రీజర్‌లో పెట్టండి, అలాగే తీసి టోస్ట్ చేసుకోండి.

5. ఫ్రిజ్‌లో చోటే లేకపోతే

ఓట్స్, పాలపొడి, ఎండుద్రాక్ష, పలుకుల పొడి, కాస్త ఉప్పు కలిపి పెద్ద డబ్బాలో పోసుకోండి. పొద్దున గిన్నెలో అరకప్పు వేసి మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలు మూత పెడితే టిఫిన్ సిద్ధం. ఇక్కడ ఇన్‌స్టంట్ ఓట్స్ బాగా పనికొస్తాయి.

6. నిల్వ విషయంలో నిర్లక్ష్యం వద్దు

వండినవి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి. లోతు తక్కువ గిన్నెల్లో పలచగా పరిస్తే త్వరగా చల్లారతాయి. ఫ్రిజ్ 4 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉండాలి, ఫ్రీజర్ మైనస్ 18. డబ్బా మీద తేదీ రాసి అంటించండి, గుర్తుంటుందిలే అనుకుంటే గుర్తుండదు. వేడి చేసేటప్పుడు గోరువెచ్చగా కాకుండా లోపలిదాకా పొగలు రావాలి, తర్వాత తినేంత వేడికి చల్లార్చి ఇవ్వండి. ఒకసారి వేడి చేశాక మిగిలినదాన్ని మళ్ళీ దాచొద్దు.

7. ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

పాకెట్ ధర చూడకండి, ఒక్కసారికి ఎంత పడుతుందో చూడండి. కిలో ఓట్స్ 40 గ్రాముల చొప్పున 25 సార్లకి వస్తాయి. ధరని 25తో భాగించి, పక్కనే ఉన్న రుచులు కలిపిన చిన్న పాకెట్ ధరతో పోల్చండి. ఆ చిన్న పాకెట్లలో చాలావరకు మనం డబ్బిచ్చి కొనేది పంచదారే. పెరుగు కూడా చిన్న కప్పులకంటే పెద్ద డబ్బా కొని పంచుకోవడం మేలు. పండ్లు ఆ కాలంలో దొరికేవే తీసుకోండి, చౌకగా ఉన్నప్పుడు ముక్కలు చేసి ఫ్రీజర్‌లో వేసుకోండి.

8. సెలవు రోజు గంట ఎలా గడపాలి?

ముందు ఓవెన్ వెలిగించి కూరగాయలు వేయించడం మొదలుపెట్టండి. అవి చల్లారుతుండగా ఒక పొయ్యి మీద గుడ్లు పెట్టి, ఈలోపు ఓట్స్ డబ్బాలు కలిపేయండి. మఫిన్లు ఓవెన్‌లోకి వెళ్ళాక మిగిలిన 20 నిమిషాలు పాత్రలు కడగడానికి. పాన్‌కేక్‌లు ఆ రోజు వద్దు, పెనం ముందు చాలాసేపు నిలబడాలి. వాటిని వేరే రోజు పెట్టుకోండి.

ఇక ప్రతి రాత్రీ పడుకునే ముందు గిన్నె, చెంచా, మంచినీళ్ళ సీసా బల్ల మీద పెట్టేయండి. మర్నాటి డబ్బాని ఫ్రిజ్‌లో పై అరలో, పిల్లల చేతికి అందేలా పెడితే ఏడెనిమిదేళ్ళ పిల్లలు తమంతట తామే తీసుకుంటారు. బస్సులోనో దారిలోనో తినేలా పంపిస్తే స్కూల్లో పలుకుల మీద నిషేధం ఉందేమో అడిగి తెలుసుకోండి, అలర్జీల వల్ల కొన్ని స్కూళ్ళు వాటిని రానివ్వవు.

ఎంత సర్దుకున్నా ఏదో ఒక పొద్దున ఫ్రిజ్ ఖాళీగా ఉంటుంది. ఆ రోజుకి ఫ్రీజర్‌లో నాలుగు బ్రెడ్ స్లైసులు, అరలో ఒక పీనట్ బటర్ సీసా ఎప్పుడూ ఉండనివ్వండి. టోస్ట్ మీద రాసి, పక్కన అరటిపండు, గ్లాసు పాలు ఇస్తే మూడు నిమిషాల్లో పని అయిపోతుంది. పీనట్ బటర్ పడని పిల్లలుంటే దాని బదులు చీజ్.