గాయకుణ్ణి పరిచయం చేయడానికి పంపిన కచేరీ వీడియో ఎందుకు ఫలించలేదు: సమస్యలు, పరిష్కారాలు

ఒక గాయకుణ్ణి ఏళ్ల తరబడి వింటున్నవారు, ఆ పేరు కూడా తెలియని స్నేహితుడికి పరిచయం చేయాలనుకున్నప్పుడు సాధారణంగా తమకు అన్నిటికంటే ఇష్టమైన కచేరీ వీడియోను పంపుతారు. అవతలి నుంచి "బాగుంది" అన్న ఒక్క మాట వస్తుంది, ఆ తర్వాత ఆ ప్రస్తావనే ఉండదు. ఇందులో స్నేహితుడి అభిరుచిని తప్పుపట్టవలసిన అవసరం చాలా సందర్భాల్లో ఉండదు. పాట ముందే తెలిసిన చెవికి, తెలియని చెవికి ఒకే వీడియో రెండు రకాలుగా వినిపిస్తుంది. అందువల్ల అతని స్పందన కింది లక్షణాల్లో దేనికి దగ్గరగా ఉందో ముందు గుర్తించి, తర్వాతి వీడియోను దాన్నిబట్టి ఎంచుకోవడం మేలు.

లక్షణం: "జనం ఊగిపోతున్నారు" అంటాడు గానీ గొంతు గురించి ఒక్క మాటా అనడు.

కారణం: అది అభిమానుల కోసం జరిగిన కచేరీ. పేరు పొందిన గాయకులు తమ సొంత కచేరీలో పల్లవి రాగానే మైకును జనం వైపు తిప్పుతారు, చరణంలో సగం వదిలేస్తారు, మొదటి తీగ మీటగానే వచ్చే కేకల కోసం కాసేపు ఆగుతారు. అక్కడ లేని గొంతును అభిమాని తన జ్ఞాపకంతో పూరించుకుంటాడు కాబట్టి అతనికి లోటు తెలియదు. కొత్తవాడికి మాత్రం వేలమంది అరుపు తప్ప పాట వినపడదు.

పరిష్కారం: గాయకుడు అపరిచితుల ముందు పాడిన సందర్భాన్ని వెతకండి. పలువురు కళాకారులు పాల్గొన్న సంగీతోత్సవాలు, సహాయార్థ కచేరీలు, తొలి రోజుల టెలివిజన్ కార్యక్రమాలు, మరొక పెద్ద కళాకారుడికి ముందు పాడిన చిన్న కచేరీలు ఈ కోవలోకి వస్తాయి. అక్కడ పాట తెలియనివారిని మెప్పించవలసిన పని గాయకుడిదే కాబట్టి పాటను మొదటి నుంచి చివరి దాకా తానే మోస్తాడు. నెల్సన్ మండేలా 70వ జన్మదిన సందర్భంగా 1988 జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన కచేరీలో ట్రేసీ చాప్‌మన్ పాడిన తీరు ఇందుకు చక్కని ఉదాహరణ. ఆమె తొలి ఆల్బమ్ వచ్చి అప్పటికి నెలలే అయింది. అదే వేదిక మీద పాడవలసిన అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ సామగ్రిలో ఒక భాగం కనిపించకపోవడంతో కార్యక్రమంలో ఖాళీ ఏర్పడి, అంతకుముందే ఒకసారి పాడి వెళ్లిన ఆమెను మళ్లీ వేదిక మీదికి పంపారు. అంత పెద్ద స్టేడియంలో వెనక బృందం లేకుండా ఒక గిటారు, ఒక గొంతు మాత్రమే ఉండటం వల్ల, ఈనాడు మొదటిసారి చూసేవారికి కూడా చెవి పెట్టవలసిన చోటు వెంటనే తెలిసిపోతుంది.

జనం పాల్గొన్న ప్రతి వీడియోనూ పక్కన పెట్టనక్కరలేదు. అదే స్టేడియంలో 1985 జూలై 13న జరిగిన లైవ్ ఎయిడ్ సహాయార్థ కచేరీలో బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ సుమారు 21 నిమిషాలు పాడింది. అక్కడి శ్రోతలందరూ ఆ బృందం కోసమే వచ్చినవారు కారు. ఆ బృంద గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ఒక చిన్న స్వరాలాపనను ముందు తాను పాడి, తర్వాత జనం చేత పాడిస్తాడు. గొంతు మొదట వినపడి, ప్రతిధ్వని తర్వాత రావడం వల్ల, చూసేవాడికి పాట తెలియకపోయినా ఆ ఆట తెలుస్తుంది. కాబట్టి చూడవలసింది జనం సంఖ్యను కాదు, ముందు ఎవరి గొంతు వస్తోంది అన్నదాన్ని.

లక్షణం: అర నిమిషంలోనే ఆపేస్తాడు, లేదా "సౌండ్ సరిగా లేదు" అంటాడు.

కారణం: ప్రేక్షకుల మధ్య నుంచి ఫోన్‌తో తీసిన వీడియో. ఫోన్ మైకు ధ్వని స్థాయిని దానంతటదే సర్దుకుంటుంది. పక్కవాడు చప్పట్లు కొట్టగానే మొత్తం శబ్దాన్ని తగ్గిస్తుంది, ఆ చప్పట్లతో పాటు గొంతు కూడా కుంగిపోతుంది, రెండు క్షణాల తర్వాత మళ్లీ పైకి లేస్తుంది. డ్రమ్ము, బేసు శబ్దాలు మైకు తట్టుకోగల హద్దు దాటితే ధ్వని పగిలి గరగరలాడుతుంది. ఆ రాత్రి స్వయంగా అక్కడ ఉన్నవారికి ఇవేవీ అడ్డు కావు, కానీ మీ స్నేహితుడు అక్కడ లేడు.

పరిష్కారం: సౌండ్ బోర్డు (వేదిక మీది మైకులన్నీ కలిసే మిక్సర్) నుంచి నేరుగా తీసుకున్న ధ్వనితో, దానికి ప్రేక్షకుల వైపు పెట్టిన మైకుల శబ్దాన్ని కొద్దిగా కలిపి తయారైన అధికారిక రికార్డింగును ఎంచుకోండి. బోర్డు ధ్వని ఒక్కటే ఉన్న రికార్డింగులు శుభ్రంగా ఉన్నా పొడిగా, ఖాళీ గదిలో పాడినట్టు వినిపిస్తాయి. పంపే ముందు బొమ్మ చూడకుండా ఒక నిమిషం వినండి. గాయకుడు పదం చివర ఊపిరి వదలడం, మెల్లగా పాడిన చోట అక్షరం స్పష్టంగా ఉండటం తెలిస్తే ఆ వీడియో పనికొస్తుంది. హెడ్‌ఫోన్స్‌తో విని తృప్తిపడకుండా ఫోన్ స్పీకరులో కూడా వినిచూడండి, ఎందుకంటే స్నేహితుడు చూసేది బహుశా అలాగే. ఆ చిన్న స్పీకరులో బేసు దాదాపు వినపడదు కనుక, బేసు మీద నిలబడిన పాట అక్కడ చప్పగా తేలిపోతుంది. వాషింగ్టన్‌లోని ఎన్‌పీఆర్ రేడియో 2008లో ఆరంభించిన టైనీ డెస్క్ వంటి కార్యక్రమాలు ఈ విషయంలో నిరపాయకరమైనవి. ఆఫీసు బల్ల వెనక, తక్కువ వాయిద్యాలతో పాడతారు కాబట్టి గొంతు దాక్కోవడానికి చోటుండదు.

లక్షణం: "నిజంగానే పాడుతున్నారా, పెదవులు కదుపుతున్నారా?" అని అడుగుతాడు.

దీనికి రెండు కారణాలుంటాయి. మొదటిది, ముందే రికార్డు చేసిన గాత్రానికి పెదవులు కలపడం, ఒకప్పటి టెలివిజన్ కార్యక్రమాల్లో ఇది మామూలు పద్ధతి. మైకు నోటి నుంచి దూరం జరిగినా గొంతు స్థాయి మారకపోతే, పాట చివర ధ్వని మెల్లమెల్లగా తగ్గుతూ ముగిస్తే, ఇదే జరిగిందని అనుకోవచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో 1991లో విట్నీ హూస్టన్ పాడిన అమెరికా జాతీయ గీతం ఎంత ప్రసిద్ధమైనా, అక్కడ ప్రసారమైంది ముందే రికార్డు చేసిన గాత్రం. దాన్ని ఆనందించడానికి అభ్యంతరమేమీ లేదు గానీ, "ప్రత్యక్షంగా ఎలా పాడుతుందో చూడు" అని పంపదగినది మాత్రం కాదు.

రెండో కారణం దూరం. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదికకు 70 మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీసిన వీడియోలో, స్పీకర్లు వేదిక దగ్గరే ఉంటే, గొంతు పెదవుల కంటే సెకనులో అయిదో వంతు ఆలస్యంగా చేరుతుంది. ప, బ, మ వంటి అక్షరాలు పలికే చోట చూడండి. పెదవులు మూసుకున్న క్షణంలో ఆ అక్షరం రాకపోతే వేరే వీడియో వెతుక్కోవలసిందే.

లక్షణం: "అసలు పాట ఎప్పుడు మొదలవుతుంది?"

కారణం ముందు వచ్చే ఉపన్యాసం, పరిచయాలు, వాయిద్యాల సర్దుబాటు అయితే, పాట మొదలయ్యే క్షణం నుంచి తెరుచుకునే లింకు పంపితే సరిపోతుంది.

సంగీతమే నిదానంగా నడిచేదయితే ఆ ఉపాయం బెడిసికొడుతుంది. ఈజిప్టు గాయని ఉమ్ కుల్సుమ్ కచేరీల్లో ఒక్క పాటే గంట దాటడం మామూలు. పాకిస్తాన్ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీ మెట్టు మెట్టుగా పైకి వెళ్తుంది. శిఖరం చేరిన చోటి నుంచి చూపిస్తే, కొత్తవాడికి కనపడేది కారణం తెలియని ఆవేశమే. ఇటువంటి గాయకుల విషయంలో నిడివి తక్కువగా ఉన్న సంపూర్ణమైన ప్రదర్శనను ఎంచుకోవాలి గానీ, పెద్దదాన్ని ముక్క చేయకూడదు. ఎన్ని నిమిషాలు పడుతుందో, ఎప్పుడు వినడం మంచిదో ముందే చెప్పండి.

లక్షణం: వీడియో నచ్చింది, ఆల్బమ్ విన్నాక నిరాశపడ్డాడు.

కారణం: మీరు చూపించింది ఆ గాయకుడి అరుదైన ముఖం. అమెరికన్ రాక్ బృందం నిర్వానా 1993 నవంబరు 18న న్యూయార్కులో, హోరెత్తే విద్యుత్ వాయిద్యాలు పక్కన పెట్టి మెల్లగా పాడే ఎంటీవీ అన్‌ప్లగ్డ్ అనే టీవీ కార్యక్రమం కోసం 14 పాటలు పాడింది. వాటిలో 6 ఇతరులవి. ఆ బృంద గాయకుడు కర్ట్ కొబేన్ గొంతు అక్కడ వినిపించినంత దగ్గరగా మరెక్కడా వినపడదని నా అభిప్రాయం. అయితే దాన్ని చూసి ఆ బృందం స్టూడియో ఆల్బముల్లోకి వెళ్లినవాడు అక్కడి హోరుకు ఉలిక్కిపడడం సహజం. పరిష్కారంగా, ఆ కచేరీకే ఆల్బమ్ ఉంటే రెండో మెట్టుగా దాన్నే ఇవ్వండి. ఈ కచేరీ 1994లో ఆల్బముగా వచ్చింది. స్టూడియో పాటలను ఆ తర్వాత, ఒక్కొక్కటిగా పంపండి.

వయసు విషయంలోనూ ఇంతే. కెనడా గాయకుడు లెనార్డ్ కొహెన్ 2008 జూలైలో లండన్‌లో పాడినప్పుడు 73 ఏళ్లవాడు, ఆ లోతైన గొంతు 1960ల నాటి రికార్డుల్లో వినపడదు. ఆయనకు ఆ వయసు గొంతు కొత్త అందాన్నిచ్చింది కాబట్టి అది మంచి ప్రవేశమే. పై స్థాయి స్వరాల మీద పేరు తెచ్చుకున్న గాయకుల చివరి కచేరీలు మాత్రం, శ్రుతి తగ్గించి పాడినవి కావచ్చు కనుక, మొదటి పరిచయానికి పంపకండి.

లక్షణం: ఏ స్పందనా లేదు.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: రెండు గంటల పూర్తి కచేరీ, లేదా ఒకేసారి అయిదారు లింకులు. ఒకే పాట పంపండి, దానితో పాటు వినవలసిన చోటును ఒక వాక్యంలో రాయండి: "రెండో చరణంలో వాయిద్యాలు ఆగినప్పుడు గొంతు విను." "చూసి తీరాలి", "ఏడుపొస్తుంది" వంటి మాటలు రాయకండి, అవి అవతలివాడిని పరీక్షకు కూర్చోబెడతాయి. వారం దాటినా జవాబు లేకపోతే అదే వీడియోను గుర్తుచేయడం కంటే, అదే గాయకుడిది స్వభావంలో పూర్తిగా వేరైన పాటను, అది కూడా అపరిచితుల ముందు పాడినదాన్ని, ఒక్కసారి పంపి చూడండి.