ఒకే మెషీన్‌లో మూడు టీఎస్‌ఎం నోడ్‌లు: దేని వెబ్ పేజీ దానికి

ముందు మీ వెర్షన్ చూసుకోండి. ఐబీఎం టీఎస్‌ఎం (టివోలీ స్టోరేజ్ మేనేజర్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్) సర్వర్ 8.1.2 లేదా ఆపైది అయినా, 7 సిరీస్‌లో 7.1.8 లేదా ఆపైది అయినా పాత వెబ్ క్లయింట్ (బ్రౌజర్‌లో బ్యాకప్, రిస్టోర్ చేసుకునే పేజీ) కనెక్ట్ కాదు. నేను చూసుకునేది ఇంకా 7.1.6 మీదే ఉంది కాబట్టి నోడ్‌కొక వెబ్ క్లయింట్ పెట్టే ఈ పద్ధతి నాకు రోజూ పనికొస్తోంది.

మా లైనక్స్ మెషీన్‌లో మూడు నోడ్‌లున్నాయి, అంటే సర్వర్‌లో మూడు విడి బ్యాకప్ ఖాతాలు: ఆఫీసు ఫైళ్లు, ఒరాకిల్ ఎక్స్‌పోర్ట్‌లు, పేరోల్. పేరోల్ వాళ్లు రిస్టోర్‌కి వచ్చినప్పుడు వాళ్ల బ్యాకప్‌లే కనపడాలి. అందుకే విడి నోడ్‌లు.

అసలు పనంతా డీఎస్‌ఎం.సిస్ అనే క్లయింట్ సెట్టింగ్స్ ఫైల్‌లోనే. నోడ్‌కొక స్టాంజా (ఆ నోడ్ సెట్టింగ్స్ ఉండే భాగం) రాయాలి. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు. స్టాంజా మొదటి లైన్‌లో ఉండే సర్వర్‌నేమ్ ఉత్త లేబుల్, అసలు సర్వర్ పేరే కానక్కర్లేదు. మూడింటికీ మూడు లేబుళ్లు పెట్టండి. టీసీపీ సర్వర్ అడ్రస్, పోర్ట్ 1500 మాత్రం మూడింట్లోనూ ఒకటే. నోడ్‌నేమ్, ఎర్రర్ లాగ్, షెడ్యూల్ లాగ్ వేటికవే. డొమైన్ ఆప్షన్‌లో దాని ఫైల్‌సిస్టమ్‌లే రాయండి, లేకపోతే ఒకే ఫైల్ మూడుసార్లు బ్యాకప్ అవుతుంది. పాస్‌వర్డ్‌యాక్సెస్ జనరేట్, మేనేజ్డ్‌సర్వీసెస్ వెబ్‌క్లయింట్ షెడ్యూల్ అన్నిట్లోనూ ఉండాలి.

ఇక పోర్ట్‌లు. హెచ్‌టీటీపీపోర్ట్ (బ్రౌజర్‌లో కొట్టే పోర్ట్) డిఫాల్ట్ 1581. నేను 1581, 1582, 1583 ఇచ్చాను. వెబ్‌పోర్ట్స్ కూడా తప్పకుండా రాయండి. దానికి రెండు నంబర్లు కావాలి: మొదటిది క్యాడ్‌కి (వెబ్ క్లయింట్‌నీ షెడ్యూళ్లనీ చూసుకునే బ్యాక్‌గ్రౌండ్ ప్రోగ్రామ్), రెండోది ఏజెంట్‌కి (బ్రౌజర్‌లో అడిగిన పని చేసేది). రాయకపోతే ఖాళీగా ఉన్న ఏదో పోర్ట్ తీసుకుంటుంది, ఫైర్‌వాల్ టీమ్‌కి ఏ నంబర్ చెప్పాలో మీకే తెలియదు. నోడ్‌కి మూడు చొప్పున మొత్తం తొమ్మిది పోర్ట్‌లు ఒకేసారి అడిగేయండి.

తర్వాత నోడ్‌కొక ఆప్ట్ ఫైల్. అందులో ఒక్క లైన్ చాలు: సర్వర్‌నేమ్, పక్కన ఆ స్టాంజా లేబుల్. రూట్‌గా లాగిన్ అయి, ఆ ఆప్ట్‌ఫైల్ ఇచ్చి డీఎస్‌ఎంసీ అనే కమాండ్‌లైన్ క్లయింట్‌తో క్వెరీ సెషన్ కొట్టండి. పాస్‌వర్డ్ ఒక్కసారి అడిగి దాచుకుంటుంది. వచ్చిన అవుట్‌పుట్‌లో నోడ్ పేరు సరైనదేనా అని కళ్లారా చూసుకున్నాకే అదే ఆప్ట్‌ఫైల్‌తో క్యాడ్ స్టార్ట్ చేయండి.

ఒక రాత్రి మెయింటెనెన్స్ తర్వాత మెషీన్ రీబూట్ అయింది. పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితా చూపే కమాండ్) కొడితే క్యాడ్ కనపడింది, హమ్మయ్య అనుకుని పడుకున్నాను. పొద్దున షెడ్యూళ్ల ఫలితాలు చూపే క్వెరీ ఈవెంట్ కమాండ్‌లో పేరోల్ షెడ్యూల్ 'మిస్డ్' అని ఉంది. జీతాల వారంలో! బూట్ స్క్రిప్ట్ డిఫాల్ట్ క్యాడ్ ఒక్కదాన్నే లేపింది, మిగతా రెండూ లేవనే లేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. అందుకే ఇప్పుడు మూడింటికీ, బూట్‌లో వాటంతటవే లేచేలా, మూడు సిస్టమ్‌డీ సర్వీసులు పెట్టాను. రీబూట్ అయిన ప్రతిసారీ పీఎస్‌లో మూడు ఆప్ట్‌ఫైల్ పేర్లూ లెక్కపెట్టుకుంటాను.

చివరగా లాగిన్. సర్వర్‌లో గ్రాంట్ అథారిటీ కమాండ్‌తో, క్లాస్ నోడ్ అని చెప్పి, పేరోల్ యూజర్‌కి ఆ ఒక్క నోడ్ మీదే యాక్సెస్ ఇవ్వండి. ఓనర్ ఇవ్వకండి. ఓనర్ హక్కు ఉంటే ఆ డేటాను వేరే మెషీన్ మీదకి కూడా తీసుకోవచ్చు. తర్వాత బ్రౌజర్‌లో మెషీన్ పేరు, కోలన్, 1583 కొట్టి, ఆ యూజర్ ఐడీతోనే ఒక చిన్న ఫైల్ రిస్టోర్ చేయించి చూడండి.