తెలుగు పోస్టర్‌లో ఒత్తులు విడిపోతే, ఫాంటు మార్చేముందు చూడాల్సింది

చెన్నైలో డిజైన్ చదివే తెలుగు విద్యార్థులు ఉగాది సభకో, కాలేజీ కల్చరల్స్‌కో, నాటకానికో పోస్టర్ చేసినప్పుడు వచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే: "అక్షరాలు విరిగిపోతున్నాయి, ఏ ఫాంటు వాడాలి?" జవాబుగా నలుగురూ నాలుగు ఫాంట్ల పేర్లు చెబుతారు. మండలి తీసి రామభద్ర పెడతారు, అదీ కుదరక నోటో సాన్స్‌కి వెళ్తారు. మూడింట్లోనూ అక్షరాలు విరగడం అలాగే ఉంటుంది. చివరికి వర్డ్‌లో టైప్ చేసి స్క్రీన్‌షాట్ తీసి పోస్టర్ మీద అతికిస్తారు. ఆ మసక అక్షరాలు చూస్తే కష్టంగా ఉంటుంది, ఎందుకంటే అక్షరాలు సరిచేయడం అర నిమిషం పని.

ఆర్ట్‌బోర్డు (పోస్టర్ గీసే పేజీ), బ్లీడ్ (కత్తిరింపు కోసం అంచున వదిలే అదనపు చోటు), సీఎంవైకే (ప్రింటుకు వాడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులు), లేయర్లు (ఒకదానిమీద ఒకటి ఉండే పొరలు) మీరు వినే ఉంటారనుకుని రాస్తున్నాను.

ఒత్తు కిందికి దిగకుండా హల్లు పక్కనే నిలబడింది

"సంక్రాంతి ముగ్గుల పోటీ" అని టైప్ చేస్తే "సంక్‌రాంతి ముగ్‌గుల పోటీ" అని వస్తుంది. "విద్యార్థి" కాస్తా "విద్‌యార్‌థి" అవుతుంది. ఒక్కోసారి గుడి, కొమ్ము కూడా హల్లుకు అంటుకోకుండా విడిగా కనిపిస్తాయి.

కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో ఒత్తులకు విడి కోడ్‌లు లేవు. "క్ర" అంటే ఫైల్లో ఉండేది క, పొల్లు, ర అనే మూడు కోడ్‌లు. ఆ మూడూ వరసగా వచ్చాయని గమనించి, ఫాంటులో ఉన్న క్రావడి (ర ఒత్తు) బొమ్మను తెచ్చి సరైన చోట పెట్టే పని సాఫ్ట్‌వేర్‌లోని కంపోజర్‌ది. అడోబీ సాఫ్ట్‌వేర్ (ఇన్‌డిజైన్, ఇల్లస్ట్రేటర్, ఫోటోషాప్) మామూలుగా తెరుచుకునే కంపోజర్ ఇంగ్లిషు కోసం చేసింది, ఈ పని దానికి రాదు. ఫాంటులో ఒత్తు ఉన్నా అడిగేవాళ్లు ఉండరు. అందుకే ఫాంటు ఎన్నిసార్లు మార్చినా ఫలితం మారదు.

ఇన్‌డిజైన్‌లో అయితే టెక్స్ట్ సెలెక్ట్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న మెనూలో అడోబీ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. ఇల్లస్ట్రేటర్‌లో ముందు ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టాలి. ఆ తర్వాతే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ కంపోజర్ కనిపిస్తుంది. మెనూలో అది లేదని చెప్పేవాళ్లందరూ వదిలేసింది ఈ టిక్కే. ఫోటోషాప్‌లో పేర్లు వెర్షన్‌ని బట్టి మారతాయి. ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలోనూ, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోనూ వరల్డ్ రెడీ అనో, మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనో ఉన్న ఎంపిక వెతికి, కనిపించిన చోటల్లా పెట్టండి. ఒత్తులు కళ్ల ముందే కిందికి దిగుతాయి.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. అసలు దెబ్బ దీని తర్వాత తగులుతుంది.

శీర్షిక సరిగ్గానే ఉంది, అడుగున చిన్న లైను మాత్రం విరిగింది

ప్రింటయ్యాక బయటపడే తప్పు ఇది. ముందురోజు అందరూ చూసి సరే అన్న పోస్టర్. పెద్దక్షరాల శీర్షిక చక్కగా ఉంటుంది. వేదిక, సమయం, "ప్రవేశం ఉచితం", సహకరించినవాళ్ల పేర్లు ఉన్న అడుగు లైన్లలో ఒకటి విరిగి ఉంటుంది.

కంపోజర్ అనేది మొత్తం ఫైలుకు ఉండే సెట్టింగ్ కాదు. ప్రతి పేరాగ్రాఫ్‌కూ విడివిడిగా అంటుకుని ఉంటుంది. మీరు శీర్షిక సెలెక్ట్ చేసి మార్చారు కాబట్టి శీర్షిక బాగుపడింది, అంతే. ఒక్కరే చేసే పోస్టర్‌లో దీన్ని పట్టుకోవచ్చు. బొమ్మ ఒకరిది, అక్షరాలు ఒకరివి, మాటలు ఇంకొకరివి అయినప్పుడు ఫైలు చేతులు మారిన ప్రతిసారీ ఇది తప్పిపోయే అవకాశం ఉంటుంది.

ఈ తప్పు దూరే మొదటి దారి కొత్త టెక్స్ట్ ఫ్రేము, అంటే మాటలు టైప్ చేసే పెట్టె. రాత్రి పదకొండింటికి వేదిక మారిందని ఫోన్ వస్తుంది, స్నేహితుడు తన లాప్‌టాప్‌లో ఫైలు తెరిచి కొత్త ఫ్రేము గీసి టైప్ చేస్తాడు. ఆ ఫ్రేము పుట్టడమే ఇంగ్లిషు కంపోజర్‌తో పుడుతుంది.

రెండో దారి వేరే ఫైలు నుంచి తెచ్చి అతికించిన పేరా. పోయినేడాది పోస్టర్‌లోని సహకార లైను తెస్తే, దానితోపాటు దాని పాత సెట్టింగూ వచ్చేస్తుంది.

మూడోది అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే మంచి ఉద్దేశంతో చేస్తారు. ఇన్‌డిజైన్‌లో స్టైళ్లు (పేరాకు కావాల్సిన సెట్టింగులన్నీ ఒకే పేరు కింద దాచుకునేవి) శుభ్రం చేద్దామని ఎవరో అన్నీ సెలెక్ట్ చేసి క్లియర్ ఓవర్‌రైడ్స్ నొక్కుతారు, స్టైల్లో లేని మార్పులన్నిటినీ అది తీసేస్తుంది. కంపోజర్‌ని మీరు స్టైల్లో కాకుండా నేరుగా పేరా మీద మార్చి ఉంటే, ఆ ఒక్క నొక్కుతో అది కూడా పోతుంది. అప్పటిదాకా సరిగ్గా ఉన్న లైన్లు ఆ క్షణంలో విరుగుతాయి. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు.

కాబట్టి ఇన్‌డిజైన్‌లో కంపోజర్‌ని పేరాగ్రాఫ్ స్టైల్లోనే పెట్టండి. స్టైల్ ఆప్షన్స్ తెరిచి, జస్టిఫికేషన్ విభాగంలో అడుగున ఉన్న కంపోజర్ దగ్గర వరల్డ్ రెడీ ఎంచుకోవాలి. బేసిక్ పేరాగ్రాఫ్ స్టైల్లో కూడా మార్చండి, అప్పుడు కొత్తగా గీసిన ఫ్రేము సైతం సరిగ్గా పుడుతుంది. ఏ ఫైలూ తెరవకుండా ఇదే మార్పు చేస్తే ఇకమీదట మీ కంప్యూటర్‌లో మొదలుపెట్టే ఫైళ్లన్నిటికీ వర్తిస్తుంది. పాత ఫైళ్లు మాత్రం వాటి పాత పద్ధతిలోనే ఉంటాయి. ఇల్లస్ట్రేటర్‌లో పంపేముందు సెలెక్ట్ మెనూలోని ఆబ్జెక్ట్‌లో టెక్స్ట్ ఆబ్జెక్ట్స్ అన్నిటినీ ఒకేసారి పట్టుకుని కంపోజర్ మళ్లీ పెట్టండి. ఇంగ్లిషు లైన్లు కూడా అందులో పడతాయని భయపడొద్దు, వాటి అక్షరాలకు ఏమీ కాదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: లాక్ చేసిన లేయర్లలోని టెక్స్ట్ సెలెక్ట్ కాదు. ముందు అన్నీ అన్‌లాక్ చేయండి.

చెన్నైలో ఈ తప్పు ప్రెస్ దాకా దొరక్కుండా వెళ్లడానికి ఒక కారణం ఉంది. జార్జ్‌టౌన్‌లోనో ట్రిప్లికేన్‌లోనో మీ ఫైలు తెరిచే ఆపరేటర్‌కు తమిళ లిపి అలవాటు. తమిళంలో క్ష, శ్రీ లాంటి ఒకటి రెండు తప్పిస్తే అక్షరాలు ఇలా కలిసిపోయే పద్ధతే లేదు. హల్లు మీద చుక్క పెట్టి పక్కన తర్వాతి అక్షరం రాస్తారు. పొల్లు పైకి తేలి, పక్కన మామూలు అక్షరం నిలబడిన "విద్‌యార్‌థి" అతని కంటికి సహజంగానే కనిపిస్తుంది. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మీ టీములోని తమిళ మిత్రులకూ అంతే. తెలుగు చదవగలిగినవాళ్లు ఒకరు చివరి పీడీఎఫ్ చూడాల్సిందే, అది కూడా శీర్షిక నుంచి కాకుండా అడుగు లైను నుంచి పైకి. చదివిన మాటను పెదవులతో పలుకుతూ చదవాలి. కళ్లతో మాత్రమే చూస్తే మనసు తప్పును తానే దిద్దుకుని ముందుకెళ్లిపోతుంది.

ఆర్ట్‌బోర్డు బయట ఈ పరీక్ష లైను ఒకటి పెట్టుకోండి: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, సంస్కృతి, ఐశ్వర్యం. "రాష్ట్రం"లో ష కింద రెండు ఒత్తులు పడాలి, "సంస్కృతి"లో కావత్తుతోపాటు వట్రసుడి రావాలి. ఫాంటు బలహీనమైతే ఇక్కడే తెలిసిపోతుంది. కంపోజర్ సరిగ్గా ఉండీ ఒక్క మాటే చెడితే, అప్పుడు మాత్రం ఫాంటు మార్చండి.

అన్నీ చదివాక ఫైలుకు నకలు తీసి, ఆ నకల్లో క్రియేట్ అవుట్‌లైన్స్ (అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చే ఆదేశం) ఇచ్చి ప్రెస్సుకు పంపండి. ఇక ఏ కంప్యూటర్‌లో తెరిచినా అక్షరం కదలదు. చదవకముందే అవుట్‌లైన్ చేస్తే విరిగిన అక్షరాలు విరిగినట్టే బొమ్మలైపోతాయి, తర్వాత ఏ కంపోజరూ వాటిని అతకలేదు.

అతక్కూడని అక్షరాలు అతుక్కున్నాయి

ఇది పై దానికి తిరగేసిన సమస్య. "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అయింది, "రాజ్‌కుమార్" కాస్తా "రాజ్కుమార్" అయింది. ముఖ్య అతిథి పేరులో ఇలా జరిగితే చాలా ఇబ్బంది.

ఆ పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, నాన్ జాయినర్ అంటారు. ఇక్కడ అతకొద్దు అని కంపోజర్‌కు చెప్పేది అదే. మాటలు రాసిన మిత్రుడు దాన్ని టైప్ చెయ్యకపోయినా, ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు కాపీ చేస్తుంటే మధ్యలో రాలిపోయినా ఇలా అవుతుంది. ఇన్‌డిజైన్‌లో పొల్లు తర్వాత కర్సర్ పెట్టి, టైప్ మెనూలో ఇన్సర్ట్ స్పెషల్ క్యారెక్టర్, అందులో అదర్, అందులో నాన్ జాయినర్. ఇల్లస్ట్రేటర్‌లో అయితే సరిగ్గా ఉన్న మాటను తెచ్చి అతికించడమే తేలిక. ఎక్కువగా ఇంగ్లిషు మాటలకు "లో", "కు", "తో" చేరిన చోట, రెండు ముక్కల పేర్లలో వెతకండి.

పాత పోస్టర్ పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేసి వాడటం మానేయండి. కనిపించేది ఒకటి, కాపీ అయ్యేది ఒకటి. మళ్లీ టైప్ చేయడమే తక్కువ పని.

తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తున్నాయి

ఎవరో అను (Anu) అనే పాత పద్ధతి ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు పంపారు. అందులో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లిషు కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన పద్ధతి అది, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఇంగ్లిషే బయటపడుతుంది. ఫాంటు మెనూలో నోటో ఎంచుకుంటే బాగుపడదు. పంపినవాళ్లనే అవుట్‌లైన్ చేసిన పీడీఎఫ్ అడగండి. మార్పులు చెయ్యాల్సి ఉంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ప్రతి మాటా తిరిగి చదవండి.

అనులో ప్రతి ఒత్తూ విడి బొమ్మ కాబట్టి అందులో కంపోజర్ గొడవ లేదు, డీటీపీ పెద్దలు దాన్ని వదలకపోవడానికి అదొక కారణం. కానీ అదే మాటలు ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లోకి, వెబ్‌సైట్‌లోకి కాపీ చేసుకోవడానికి పనికిరావు. కొత్త పని యూనికోడ్‌లోనే మొదలుపెట్టండి.

పై లైను ఒత్తు, కింది లైను గుడి ఢీకొంటున్నాయి

లీడింగ్ అంటే లైన్ల మధ్య దూరం. ఆటో లీడింగ్ 120 శాతం ఇంగ్లిషుకు సరిపోతుంది, మనకు చాలదు. 24 పాయింట్ల అక్షరానికి 34 నుంచి 36 పాయింట్ల లీడింగ్‌తో మొదలుపెట్టండి. రెండు లైన్ల శీర్షికలో పై లైన్లో ఒత్తులు లేకపోతే తగ్గించుకోవచ్చు. ట్రాకింగ్ (అక్షరాల మధ్య దూరం) సున్నా దగ్గరే ఉంచండి, పెంచితే కొన్ని ఫాంట్లలో ఒత్తు తన హల్లును వదిలి పక్కకు జరుగుతుంది. హైఫనేషన్ (లైను చివర మాటను విడగొట్టడం) ఆపేయండి.

అవుట్‌లైన్ చేసి స్ట్రోక్ (అంచు గీత) ఇచ్చాక అక్షరం లోపల అడ్డగీతలు కనిపిస్తే, అది వేరియబుల్ ఫాంటు (లావు, వెడల్పు మార్చుకోగల ఫాంటు) అయి ఉండొచ్చు, అందులో ముక్కలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. పాత్‌ఫైండర్‌లో యునైట్ నొక్కితే పోతాయి.

రంగులు, తెల్ల అక్షరాలు, సైజు

మెరిసే ఆకుపచ్చ, విద్యుత్ నీలం ప్రింట్‌లో చప్పబడితే అది ప్రెస్ తప్పు కాదు, ఆ రంగులు సీఎంవైకేలో లేవు. పెద్ద నల్ల నేపథ్యానికి సీ 60, ఎం 40, వై 40, కే 100 ఇవ్వండి. చిన్నక్షరాలకు మాత్రం కే 100 ఒక్కటే, నాలుగు ఇంకులు కలిస్తే పల్చటి ఒత్తుల అంచులు రంగురంగులుగా కనిపిస్తాయి.

తెల్ల అక్షరాలు ప్రింట్‌లో మాయమైతే ఓవర్‌ప్రింట్ (కింది రంగు చెరపకుండా దానిమీదే అచ్చు వేసే సెట్టింగ్) చూడండి. నల్ల అక్షరానికి పెట్టిన ఓవర్‌ప్రింట్, దాన్ని తెల్లగా మార్చాక కూడా అలాగే ఉండిపోతుంది. తెల్ల ఇంకు లేదు కాబట్టి వెనక రంగే కనబడుతుంది. ఆట్రిబ్యూట్స్ ప్యానెల్లో ఓవర్‌ప్రింట్ ఫిల్ తీసేయండి. పంపేముందు వ్యూ మెనూలో ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ ఆన్ చేసి ఒకసారి చూస్తే ముందే దొరుకుతుంది.

డిజిటల్ ప్రింటింగ్ షాపుల్లో షీటు సాధారణంగా 13×19 అంగుళాలు. 12×18 పోస్టర్‌కు బ్లీడ్‌తో సహా చోటు ఉంటుంది, అంతకన్నా పెద్దదైతే ముందే అడగండి. ఫైలు వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా పంపితే కుదించేస్తుంది.

అరుదైనవి

ఫాంట్ క్యాష్ (కంప్యూటర్ దాచుకున్న ఫాంట్ల వివరాలు) పాడవడం, ఫాంటు ఫైలే చెడిపోవడం జరుగుతాయి, కానీ వాటిదాకా వెళ్లేది చాలా తక్కువ. ఒకే పేరుతో ఫాంటు రెండు వెర్షన్లు ఇన్‌స్టాల్ అయి ఉంటే ఒకటి తీసేయండి. అఫినిటీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లు తెలుగు ఒత్తులను అతకలేవు, ఆ సెట్టింగ్ కోసం వెతక్కండి, ఇంక్‌స్కేప్ అనే ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్లో టైప్ చేసి పాత్‌గా (గీతల బొమ్మగా) మార్చి తెచ్చుకోండి. పీడీఎఫ్‌లో సన్నటి తెల్ల గీతలు కనిపించి, జూమ్ మార్చగానే చోటు మారితే అవి స్క్రీన్‌వే, సాధారణంగా ప్రింట్‌లో రావు.