రాస్ప్‌బెర్రీ: పండు ఒక్కటే కాదు, ఆకు కూడా పనికొస్తుంది

రాస్ప్‌బెర్రీ పెంచుకునేవాళ్లలో చాలామంది పండ్లు కోసుకుని ఆకుల్ని పట్టించుకోరు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఎండబెట్టిన ఆకుతో మంచి టీ అవుతుంది.

ఆకు కోయాల్సింది పూత రాకముందు, పొద్దున మంచు తడి ఆరిపోయాక. మచ్చల్లేని లేత ఆకులు, ఒక్కో కొమ్మకి కొన్నే తీసుకోండి, ముళ్లుంటాయి కాబట్టి గ్లవ్స్ వేసుకోండి. నీడలో, గాలి ఆడేచోట పలచగా పరిచి, చేత్తో నలిపితే గలగలమని పొడి అయ్యేదాకా ఆరనివ్వాలి. ఇక్కడ మాత్రం తొందర వద్దు, సగం ఆరిన ఆకుని సీసాలో పెడితే బూజు పట్టేస్తుంది. పచ్చిగా అయినా వాడండి, పూర్తిగా ఎండాక అయినా వాడండి, వాడిపోయిన ఆకు మాత్రం వద్దు.

కప్పు మరిగిన నీళ్లలో చెంచాడు ఆకు వేసి, మూతపెట్టి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి వడకట్టండి. పండు వాసన వస్తుందనుకోకండి, బ్లాక్ టీలా వగరుగా ఉంటుంది, కెఫీన్ ఉండదు. ఆ వగరు ఆకులోని టానిన్లు అనే పదార్థాల వల్ల. గొంతు మంటగా ఉంటే ఈ టీ చల్లార్చి పుక్కిలించే అలవాటు పాతదే. టానిన్లు తిండిలోని ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వవు కాబట్టి భోజనంతో పాటు తాగొద్దు. నెలలు నిండాక దీన్ని తాగితే కాన్పు సులువవుతుందని ఎప్పటినుంచో చెబుతారు, కానీ దానికి గట్టి రుజువు లేదు. గర్భిణులు, ముఖ్యంగా మొదటి నెలల్లో, డాక్టర్‌ని అడగకుండా తాగొద్దు.

పండు సంగతి తేలిక. మెల్లగా లాగితే లోపలి తెల్లటి బొడిపె మొక్కకే ఉండిపోయి, పండు బోలుగా చేతిలోకి రావాలి. రాకపోతే ఇంకో రెండు రోజులు ఆగండి, కోశాక అది మళ్లీ పండదు. తినే ముందే కడగండి, ముందే కడిగితే మెత్తబడిపోతుంది. ఎక్కువ కాస్తే పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా ఫ్రీజర్‌లో గట్టిపరిచి, తర్వాత డబ్బాలో పోయండి. జామ్‌కి పండ్లు ఎంత తూకమో పంచదారా అంతే, కాస్త నిమ్మరసం, చల్లటి పళ్లెం మీద చుక్క వేస్తే జారకుండా నిలిచేదాకా ఉడికించండి.

ఇక కత్తిరింపు. మామూలు రకాల్లో ఈ ఏడాది లేచిన కొమ్మ వచ్చే ఏడాది కాసి ఎండిపోతుంది, వేరు మాత్రం బతికే ఉంటుంది. కాసిన కొమ్మల్ని నేల దాకా తీసేయండి, పచ్చటి కొత్త కొమ్మల జోలికి వెళ్లకండి, వచ్చే కాపు వాటిమీదే.